హైమ టీచరు కొనని కారు

"పొదుపు మీద మీటింగు పెట్టారంటే ఇక జీతాలు రావనే అర్థం హైమా. ముందు నెమ్మదిగా పొదుపంటారు. ఆనక ఉద్యోగమే లేదంటారు. రాసి పెట్టుకో," అంది మాణిక్యమ్మ, ఇడ్లీల పళ్లెం కూతురి ముందు పెడుతూ.

అప్పటికి ఏమీ జరగలేదు. సాయంత్రం మండల విద్యాశాఖ ఆఫీసులో 'ఉపాధ్యాయులు - ఆర్థిక సంయమనం' అనే విషయం మీద సమావేశం ఉందని ఫోనులో మెసేజీ వచ్చింది, అంతే. కానీ మాణిక్యమ్మ భయపడటానికి ఏదో ఒకటి జరగాలన్న నియమం ఎప్పుడూ లేదు. ఆవిడ చదివింది ఐదో తరగతి. వీధిలో అంబులెన్సు కూత వినబడితే చాలు, ఆర్టీసీలో కండక్టరుగా చేస్తున్న అల్లుడు సోమశేఖరం కళ్ల ముందు మెదులుతాడు. ఫోను మోగకపోతే ఏదో అయి ఉంటుందనుకుంటుంది. మోగితే అయిందని ఖాయం చేసుకుంటుంది.

"అమ్మా, ఇంకేమన్నా అను, ఉద్యోగం జోలికి మాత్రం పోకు. ఇల్లు నడిచేది దాని మీదే," అంది హైమవతి.

అది నిజం. సోమశేఖరం ఎవరో స్నేహితుడి అప్పుకి జామీను సంతకం పెట్టిన పాపానికి అతని జీతంలో సగం ప్రతి నెలా బ్యాంకువాళ్లు పట్టుకుంటున్నారు. మిగిలిన సగం ఇంటద్దెకి చాలదు. గంగలపూడి మండల పరిషత్ పాఠశాలలో హైమవతి టీచరు ఉద్యోగమే ఆ ఇంటికి దిక్కు. అందులోంచే పాలు, అందులోంచే పిల్లల ఫీజులు, అందులోంచే మాణిక్యమ్మ బీపీ మాత్రలు. అందులోంచే నెలకి కొంత స్టాఫ్ రూము చీటీకి కడుతోంది. ఆ చీటీ ఎత్తితే వాషింగ్ మెషీన్ కొనాలని ఆరేళ్లుగా ఆమె కోరిక. బట్టల సబ్బు పడక ఆమె వేళ్లు చిట్లిపోయి, సుద్దముక్క పట్టుకుంటే మండుతాయి.

సాయంత్రం హైమవతి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంది.

"తీసేశారా?" అంది మాణిక్యమ్మ.

"లేదమ్మా. మంచినీళ్లియ్యి."

నీళ్లు తాగి జరిగింది చెప్పింది. జిల్లా నుంచి ఆర్థిక సంయమన ప్రత్యేకాధికారి త్రిలోచనరావుగారు వచ్చారు. టీచర్లు ఒకటో తారీఖున జీతం పడగానే చీరలవాడికి, పదో తారీఖు లోపల చీటీపాటకి, ఆ తర్వాత బంగారం తాకట్టుకి అలవాటు పడ్డారని, ఈ దురలవాట్లు పిల్లలకి అంటుకుంటాయని ఆయన బాధపడ్డారు. జీతాలు పెంచటం ప్రభుత్వం చేతిలో లేదు గనక టీచర్ల దృక్పథాన్ని పెంచాలని శాఖ నిర్ణయించిందన్నారు.

"మనిషి ధనవంతుడయ్యేది సంపాదించటం వల్ల కాదు. కొనకపోవటం వల్ల. మీరు లక్ష రూపాయల వస్తువు కొనలేదు. ఏమైంది? లక్ష మిగిలింది. ఇది శాస్త్రీయంగా నిరూపితము," అన్నారట.

హెడ్మాస్టరు యేసుపాదంగారు లేచి చేతులు కట్టుకుని, "సార్, ఆ లక్ష అసలు లేకపోతేనో?" అని అడిగారట.

"లేకపోవటమనేది దృక్పథ లోపం మాస్టారూ. కూర్చోండి."

దానికో యాప్ తయారైంది. పేరు 'సంయమని'. ప్రతి టీచరూ పదిహేను రోజులకోసారి తను కొనని ఒక వస్తువు పక్కన నిలబడి ఫోటో దిగాలి. వస్తువు ధర కనబడాలి. టీచరు మొహంలో ప్రలోభం కనబడకూడదు. ఆ ధర యాప్‌లోని టీచరు పొదుపు ఖాతాలో జమ అవుతుంది. వస్తువు దొంగచాటుగా ఇల్లు చేరలేదని ఆ సాయంత్రం కుటుంబ సాక్షి ఒకరు ఫోనులో వేలు నొక్కి ధ్రువీకరించాలి. ప్రలోభంలో భాగస్వాములయ్యే అవకాశం ఉన్నందున భార్యాభర్తలు సాక్షులుగా పనికిరారు. మూడు నెలలు గడిచేసరికి ఎవరి ఖాతాలో పొదుపు నిల్వ లేదో వారిని 'పొదుపు వైఫల్యం' కింద సర్వీసు నుంచి తొలగిస్తారు.

"నే చెప్పలా? పొద్దున్నే చెప్పలా?" అంది మాణిక్యమ్మ. తన మాట నిజమైనందుకు ఆవిడ మొహంలో కాసింత తృప్తి కూడా కనబడింది. అంతలోనే, "సాక్షి ఎవరు?" అంది.

"నువ్వే."

"కోర్టుకి తీసుకెళ్తారా?"

"వేలు నొక్కాలమ్మా, అంతే."

"వేలి ముద్రేగా! దాంతోనేగా మా మేనత్త రెండెకరాలు పోయింది," అని మాణిక్యమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

హైమవతి మొదటిసారి ఎక్కువ ఆలోచించలేదు. బస్టాండు ఎదురుగా ఉన్న ఎలక్ట్రికల్ షాపుకెళ్లి తను ఆరేళ్లుగా కొనకుండా ఉన్న వాషింగ్ మెషీన్ పక్కనే నిలబడింది. ధర ఇరవై ఒక్క వేల ఐదువందలు. మొహంలో ప్రలోభం కనబడుతోందని యాప్ ఆ ఫోటోని రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి కళ్లు మూసుకుని దిగితే ఒప్పుకుంది.

ఇంట్లో మాణిక్యమ్మ ఆ ఫోటోని దూరంగా పెట్టి చూసి, "కొనకపోవటమే మంచిదైంది తల్లీ. నీళ్లూ కరెంటూ ఒక్కచోటా! షాకు కొట్టిద్ది. పిల్లలు చెయ్యి పెడితే ఇంకేమన్నా ఉందా?" అని, దేవుడికి దణ్ణం పెట్టి వేలు నొక్కింది.

వారం తిరిగేసరికి జిల్లా ర్యాంకులు వచ్చాయి. హైమవతి పేరు అడుగునుంచి ఐదోది. పక్క తరగతి నూర్జహాన్ టీచరు పెళ్లి పట్టుచీరలు నాలుగు కొనకుండా లక్షన్నర మిగిల్చి ప్రశంసాపత్రం అందుకుంది. 'మీ సంయమన స్థాయి మీ హోదాకు తగినట్లుగా లేదు. పెద్ద వస్తువులు కొనకుండుటకు సాహసించుము' అని హైమవతికి మెమో వచ్చింది.

"సాహసించాలంటున్నారు," అంది హైమవతి దిగులుగా.

"అయితే ఏం కొనవు?"

"కారు కొనను."

మాణిక్యమ్మ లేచి నిలబడింది. "కారా! హైవే మీద ఆ టర్నింగు తెలుసుగా? అల్లుడు కబుర్లు చెప్తూ నడుపుతాడు. ఎదురుగా ఇసుక లారీ వచ్చిద్ది. వాడికి బ్రేకులుండవు. ఒద్దమ్మా, కారు వద్దు!"

"కొనటం లేదమ్మా! కొనకపోతున్నాను!"

"ఏదో ఒకటి. కారు ఊసు ఇంట్లోకొచ్చిందిగా."

కారు షోరూములో టీచర్లు వరసలో ఉన్నారు. మొదట్లో షాపులవాళ్లు వీళ్లని చూసి మర్యాద చేశారు. కూల్ డ్రింకులిచ్చారు. ఒక్కరూ ఏమీ కొనరని తెలిశాక కసిరారు. కసిరినా పోకపోయేసరికి వ్యాపారమంటే ఏమిటో గుర్తొచ్చి, 'కొననివారికి ప్రత్యేక కౌంటరు' అని బోర్డు పెట్టారు. కారు పక్కన నిలబడితే రెండువందలు. లోపల కూర్చుంటే ఐదువందలు. అద్దం దింపి చెయ్యూపితే అదనం. హైమవతి రెండువందలు కట్టి పదకొండున్నర లక్షల కారు పక్కన నిలబడింది. ఆ తర్వాత పదిహేను రోజులకి నగల షాపులో ఐదువందలు కట్టి నాలుగు లక్షల ఇరవై వేల హారం మెడ దగ్గర పెట్టుకుని కొనకుండా వచ్చింది. ఆ పై విడతకి వెయ్యి రూపాయలు కట్టి ఊరి చివర కొత్త కాలనీలో నలభై ఎనిమిది లక్షల మేడ ముందు నిలబడింది.

కొనకపోవటానికి ఇంత ఖర్చవుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆటో ఛార్జీలు, కౌంటరు ఛార్జీలు కలిసి చీటీ డబ్బు మింగేశాయి. రెండు నెలలు చీటీ కట్టకపోయేసరికి స్టాఫ్ రూములో ఆమె పేరు కొట్టేశారు. నిజం వాషింగ్ మెషీన్ అలా పోయింది. హైమవతి ఆ సాయంత్రం పెరట్లో బట్టలు ఉతుకుతూ కూర్చుంది. మాణిక్యమ్మ చూసి ఊరుకుంది. ఊరుకోవటం ఆవిడకి చేతనైన పని కాదు, అయినా ఊరుకుంది.

ప్రతి ఫోటోకీ మాత్రం ఆవిడ పూర్తిగా భయపడింది. హారం చూసిన రోజు నుంచి వెనక తలుపుకి రెండో గొళ్లెం వేయించింది. "హారం ఇంట్లో లేదుగా అమ్మా," అంటే, "ఆ సంగతి దొంగలకెవరు చెప్తారే?" అంది. మేడ ఫోటో చూసి, "చెరువు పూడ్చి కట్టిన కాలనీ అది. ఒక్క వానకి గోడ నెర్రెలిస్తది. రెండో వానకి మేడంతా మన నెత్తిన," అని వర్షం వచ్చినప్పుడల్లా ఆ మేడ సంగతే తలుచుకుంది.

బడిలో మాత్రం ఏ లోటూ రాలేదు. మధ్యాహ్నాలు టీచర్లు షాపుల్లో ఉండటం వల్ల పిల్లలు తమ లెక్కలు తామే వేసుకున్నారు. 'మా టీచరు పదకొండున్నర లక్షల కారు కొనలేదు. నూర్జహాన్ టీచరు రెండు కార్లు కొనలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ధనవంతులు?' అని బోర్డు మీద కనబడింది.

అందరినీ మించింది యేసుపాదం మాస్టారు. ఎవరో పెద్దింటి పెళ్లికొడుకు హెలికాప్టరులో వచ్చి కాలేజీ గ్రౌండులో దిగాడు. మాస్టారు గుంపులోంచి తోసుకెళ్లి, పైలట్టుని బతిమాలి, 'ఆరు కోట్లు' అని తనే కాగితం మీద రాసి దాని తలుపుకి అంటించి, పక్కన నిలబడి కొనలేదు. ఆ రోజు జిల్లా మొదటి ర్యాంకు ఆయనదే. ప్రార్థన సమయంలో పిల్లలతో చప్పట్లు కొట్టించారు.

జిల్లా టీచర్లందరూ కలిసి మూడు వందల కోట్ల పైన మిగిల్చారని పేపర్లో వచ్చింది. త్రిలోచనరావుగారికి శాలువా కప్పారు. ఈ సామర్థ్యం చూసి ఆయనకి ఉద్యోగుల ఆస్తుల తనిఖీ విభాగాన్ని కూడా అదనపు బాధ్యతగా అప్పగించారు. ఆయన కొత్త కుర్చీలో కూర్చుని చూసిన మొదటి ఫైలు తన పాత కుర్చీలోంచి వచ్చిందే. చూసి అదిరిపోయారు. ఇంత తక్కువ జీతాల్లో టీచర్లు ఇన్ని కోట్లు ఎలా కూడబెట్టారు?

ప్రశంసాపత్రాల మీదున్న సంతకంతోనే నోటీసు వచ్చింది.

'శ్రీమతి హైమవతి, ఉపాధ్యాయిని, తన ఆదాయమునకు మించి అరవై మూడు లక్షల తొంభై ఒక్క వేల ఐదువందల రూపాయలు కూడబెట్టినట్లు ఆమె స్వయంగా సమర్పించిన ఛాయాచిత్రములను బట్టి తేటతెల్లమగుచున్నది. సదరు ధనము ఎచట ఉన్నదో కుటుంబ సాక్షి హాజరై తెలుపవలెను. ఉపాధ్యాయిని మాట్లాడరాదు.'

హైమవతి ఆ కాగితం చదివి వినిపించేసరికి మాణిక్యమ్మ కింద కూర్చుండిపోయింది. జీవితమంతా ఆవిడ ఎన్నిటికో భయపడింది. కానీ లేని డబ్బు ఎక్కడ దాచావని అడుగుతారన్న భయం మాత్రం ఆవిడకెప్పుడూ తట్టలేదు. తన భయాలకంటే ఒకడుగు ముందున్నవాళ్లు లోకంలో ఉన్నారని ఆవిడకి మొదటిసారి తెలిసింది.

"నిజం చెప్పెయ్యమ్మా. డబ్బు లేదని చెప్పెయ్," అంది హైమవతి.

అయితే తనిఖీ రోజున ఆ దారి కూడా మూసుకుపోయింది. మండల ఆఫీసు వరండాలో బెంచీ మీద వాళ్లు కూర్చుని ఉండగానే యేసుపాదం మాస్టారి వంతు వచ్చింది. ఆయన సాక్షి, ముసలి మామగారు, లోపలికెళ్లి, "హెలికాప్టరూ లేదు, దాని డబ్బూ లేదు నాయనా, మా అల్లుడికి సైకిలుంది," అని నిజం చెప్పాడు. డబ్బు లేనప్పుడు కొనలేదని ఫోటో పెట్టటం శాఖని మోసగించటమే అన్నారు. మాస్టారిని అక్కడికక్కడే సస్పెండు చేశారు. ఆయన బయటికొచ్చి హైమవతి వంక చూసి, "అమ్మా హైమవతీ, ఉందంటే పట్టుకుంటారు, లేదంటే తీసేస్తారు. దేవుడే నీకు తోడు," అని సైకిలు తాళం వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

మాణిక్యమ్మ లోపలికెళ్లింది. వెనకే హైమవతి వెళ్లి గోడవారగా నిలబడింది. బల్లకి అటు త్రిలోచనరావుగారు, పక్కన గుమాస్తా కుటుంబరావు.

"కూర్చోండమ్మా. ముందు కారు. దాని తాలూకు పదకొండున్నర లక్షలు ఎక్కడున్నాయి?"

ఆ కారు మాట వినగానే మాణిక్యమ్మకి ఇన్నాళ్లూ కళ్ల ముందు కదిలిన బొమ్మే కదిలింది. అదే బయటికొచ్చేసింది.

"ఇంకెక్కడి కారయ్యా! హైవే టర్నింగులో ఇసుక లారీ గుద్దేసిందిగా."

త్రిలోచనరావుగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "గుద్దేసిందా?"

"నుజ్జునుజ్జయింది. మా అల్లుడు కబుర్లు చెప్తూ నడుపుతున్నాడు. వద్దంటే వినడు. ముందు అద్దం పగిలి ఒక్కటే చప్పుడు. నాకు ఇప్పటికీ చెవుల్లో వినపడతా ఉంటది." చెప్తుంటే ఆవిడకి నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ప్రమాదాన్ని ఆవిడ చూసినంత స్పష్టంగా ఏ ప్రమాదాన్నీ ఎవరూ చూసి ఉండరు.

"మనుషులకేం కాలేదుగా?" అన్నాడు కుటుంబరావు ఆదుర్దాగా.

"దేవుడి దయ. కారు కొనలేదు గనక బతికిపోయారు."

త్రిలోచనరావుగారు గుమాస్తా వైపు తిరిగారు. "ఇది చెల్లుతుందా?"

"చెల్లుతుంది సార్. కొనని కారుకి డబ్బు మిగిలినప్పుడు, కొనని కారుకి నష్టం రాకూడదని నిబంధన లేదు. 'నష్టములు' అని గడి కూడా ఉంది. ఇంతవరకూ ఎవరూ నింపలేదు."

"రాయండి. హారం?"

"దొంగలు పడ్డారయ్యా! వెనక తలుపు గొళ్లెం ఊడదీశారు. ఇద్దరు. ఒకడికి కాలు కుంటి. నేను దుప్పట్లోంచి అలికిడి విన్నా, నోరు పెగల్లేదు. ఆ రోజు నుంచీ రెండో గొళ్లెం వేయించాం. కావాలంటే వచ్చి చూసుకోండి."

రెండో గొళ్లెం ఉందనటంతో కేసుకి బలం వచ్చింది. కుటుంబరావు గబగబా రాశాడు. త్రిలోచనరావుగారు ఆవిడకి మంచినీళ్లు తెప్పించారు.

"మేడ సంగతి చెప్పండమ్మా. నెమ్మదిగా చెప్పండి."

"అది చెరువులో కట్టిన మేడ బాబూ. మొదటి వానకి నెర్రె. రెండో వానకి ఒరిగింది. మూడో వానకి..." ఆవిడ చెయ్యి పైకెత్తి ధడాల్న బల్ల మీద పడేసింది. ఆఫీసరూ గుమాస్తా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

గోడవారగా నిలబడ్డ హైమవతి తల్లినే చూస్తోంది. ఆ భయాల్నే ఆమె ఇన్నేళ్లూ విసుక్కుంది. ఇప్పుడు ఒక్కొక్కటే లేచొచ్చి తన ఉద్యోగం పక్కన కాపలా నిలబడుతున్నాయి.

కుటుంబరావు లెక్క కట్టాడు. "కారు, హారం, మేడ కొట్టెయ్యగా ఇక ఇరవై ఒక్క వేల ఐదువందలు మిగిలింది సార్. వాషింగ్ మెషీన్ ఒక్కటే. అది జీతానికి లోబడే ఉంది."

"అమ్మా, జాగ్రత్తగా వినండి," అన్నారు త్రిలోచనరావుగారు, గొంతు తగ్గించి. "ఇప్పటివరకూ చెప్పింది ఆస్తుల తనిఖీకి సరిపోయింది. ఆ ఫైలు మూసేస్తున్నాం. కానీ సంయమన విభాగం కూడా నేనే. మీ అమ్మాయి ఖాతాలో ఒక్క వస్తువైనా చెక్కుచెదరకుండా నిలిచి ఉండాలి. అన్నీ పోతే పొదుపు నిల్వ సున్నా. సున్నా అయితే తొలగింపే, నేనేమీ చెయ్యలేను. చెప్పండి. ఆ వాషింగ్ మెషీనుకి ఏమైంది?"

మాణిక్యమ్మ నోరు తెరిచింది. షాకు అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. నీళ్లూ కరెంటూ ఒక్కచోట, తడి నేల, పిల్లల చేతులు, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. నోరు మూసుకుంది.

ఏ వస్తువు గురించైనా, ఏ మనిషి గురించైనా బాగున్నారన్న మాట ఆవిడ ఎన్నడూ పైకి అనలేదు. అంటే దిష్టి తగులుతుంది. అన్న మరుక్షణమే ఏదో అవుతుంది. అల్లుడు బస్సు దిగి ఇంటికొచ్చినా, "ఇవాళ్టికొచ్చాడు," అంటుంది గాని క్షేమంగా వచ్చాడనదు.

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. కుటుంబరావు పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. త్రిలోచనరావుగారు గడియారం చూసుకున్నారు. "దానికీ ఏదో ఒకటి అయ్యే ఉంటుందిలేండి," అన్నారు, జాలిగా.

మాణిక్యమ్మ తల తిప్పి కూతుర్ని చూసింది. హైమవతి రెండు చేతులూ ముందుకి ముడుచుకుని నిలబడి ఉంది. వేళ్ల చివర్లు తెల్లగా చిట్లిపోయి, గోళ్ల పక్కన ఎర్రగా ఉన్నాయి.

వరండాలోంచి ఎవరో తొంగిచూసి, ఏమీ వినబడక వెనక్కి పోయారు. కుటుంబరావు పెన్ను కాగితం మీద చిన్న సిరా మచ్చ వేసింది. అది మెల్లగా పెద్దదయింది.

మాణిక్యమ్మ కొంగు బిగించి పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"దానికేం కాలేదు బాబూ," అంది. "శుభ్రంగా ఉంది. రోజూ బట్టలు ఉతుకుతోంది."